ఓడ ఉన్న చోటు ఎవరికి చెప్పాను

మౌనిక నా స్నేహితుడి కూతురు. వాళ్ళ నాన్న సింగపూర్ చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు కంప్యూటర్లు చూసుకుంటాడు. ఈ పిల్ల మాత్రం ఆ కంప్యూటర్లూ బ్యాంకులూ వద్దని సముద్రం కొలిచే చదువు చదివింది. వచ్చే నెల సర్వే ఓడ ఎక్కబోతోంది. పోయిన ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, "అంకుల్, సిలబస్ అంతా నాకొచ్చు లా. సిలబస్‌లో లేనిది చెప్పండి," అంది, ఇక్కడి పిల్లల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలించి.

నోటితో చెబితే నేను నా గొప్పల్లోకి జారిపోతానని మా ఆవిడ అప్పుడే హెచ్చరించింది. అందుకని రాస్తున్నాను. మౌనికతో పాటు ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలు కూడా చదువుకుంటే మంచిదే. నా పేరు మూర్తి. ముప్పై నాలుగేళ్ళు హైడ్రోగ్రాఫిక్ సర్వేయర్‌ని. అంటే సముద్రం అడుగు ఎలా ఉందో కొలిచి పటం గీసేవాణ్ణి. విశాఖపట్నంలో మొదలుపెట్టి, సింగపూర్ వచ్చి, ఇక్కడే రిటైరై సెంబవాంగ్‌లో ఉంటున్నాను. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో నాకే గుర్తు లేదు, అవి వదిలేద్దాం.

నీడను చూడమన్నవాడు

ఓడ వెనక తాడుకి కట్టి ఒక ఇనుప గొట్టాన్ని నీళ్ళలో లాగుతాం. దాన్ని మేం ఫిష్ అంటాం. అది అటూ ఇటూ శబ్దం పంపుతుంది. అడుగున తగిలి తిరిగొచ్చిన శబ్దమే తెర మీద బొమ్మవుతుంది. గట్టి వస్తువు ఏదన్నా ఉంటే వెలుగుగా కనిపిస్తుంది, దాని వెనక నల్లగా నీడ పడుతుంది. ఇంతే పని. రోజుకి పన్నెండు గంటలు ఆ తెర ముందు కూర్చోవాలి. మొదటి వారం ఎంతో వింతగా ఉంటుంది. రెండో వారానికి కళ్ళు మండుతాయి, మూడో వారానికి మనుషుల మొహాలు కూడా ఆ తెర లాగా గోధుమరంగులో కనిపిస్తాయి.

సింగపూర్ వచ్చాక నా మొదటి పార్టీ చీఫ్, అంటే సర్వే బృందానికి పెద్ద, మెల్విన్ అనే యురేషియన్, తెల్లవాళ్ళ రక్తం కలిసిన కుటుంబం. కతోంగ్‌లో పుట్టి పెరిగినవాడు. చేతిలో ఎప్పుడూ ఓ చెక్క స్కేలుండేది, తప్పు చేస్తే దాంతో బల్ల మీద కొట్టేవాడు. కొత్తవాళ్ళు వెలుగుని చూస్తారు, పని తెలిసినవాళ్ళు నీడని చూస్తారు అనేవాడు. వెలుగు మోసం చేస్తుంది. వస్తువు ఎత్తెంతో, ఆకారమేమిటో నీడే చెబుతుంది.

నేను వినలేదు. సముద్రం అడుగున కేబుల్ వేసే ఒక పనిలో నాకు పెద్ద బండరాయి దొరికింది. చక్కటి వెలుగు, చక్కటి నీడ. ఓడని అడ్డంగా తిప్పి ఇంకో లైను నడిపి చూడకుండానే రిపోర్టు పంపేశాను. కేబుల్ కంపెనీవాళ్ళు దారి పక్కకి జరుపుకున్నారు. రెండ్రోజుల తర్వాత మెల్విన్ ఓడ తిప్పించి అదే చోట చూస్తే రాయి లేదు. అది చేపల గుంపు. ఆ తర్వాత వారం రోజులు ఓడలో చేప వండినప్పుడల్లా వంటాయన హరూన్ చేత "మూర్తి బండరాయి వేపుడు" అని బోర్డు మీద రాయించాడు మెల్విన్. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ తర్వాత ఏ వస్తువునీ ఒక్క లైనుతో నమ్మలేదు. ఇలా ఎగతాళి చేసి నేర్పే బాసు దొరికితే, మౌనికా, వాణ్ణి వదులుకోకు. మెత్తగా మాట్లాడి తప్పులు దాచిపెట్టే బాసులు నాకు తర్వాత చాలామంది దొరికారు, వాళ్ళ దగ్గర నేర్చుకున్నది సున్నా.

మెల్విన్ ఇంకో మాట కూడా చెప్పేవాడు. నీళ్ళ కింద ప్రమాదం ఉందని తెలిసి, అడిగినవాడికి చెప్పనివాడు సర్వేయర్ కాడని. మా పనిలో ఇదొక మర్యాద. పక్కనున్న టగ్గు పడవవాడో, సరుకు మోసే బార్జివాడో వచ్చి, ఫలానా చోట లంగరు వేస్తాం, కింద ఏమన్నా చిక్కులున్నాయా అంటే, మా దగ్గరున్న జాబితా తీసి చూపిస్తాం. లంగరు చిక్కుకుంటే మనుషులు పోతారు. కంపెనీ కాగితాల్లో ఏం రాసి ఉన్నా ఈ ఒక్క విషయంలో ఎవరూ పట్టించుకోరు. ఆ మర్యాద నేను మంత్రం లాగా పాటించాను. మంత్రం అన్నాను కదా, అర్థం గురించి ఆలోచించలేదు.

జావా సముద్రంలో పడుకున్న ఓడ

పద్నాలుగేళ్ళు అయింది. అప్పటికి మెల్విన్ రిటైరయ్యాడు, నేనే పార్టీ చీఫ్‌ని. జావా సముద్రంలో ఒక కేబుల్ దారి చూస్తున్నాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక తెర మీదకి ఒక వెలుగు వచ్చింది. రావడం మొదలుపెట్టి ఆగలేదు. సన్నగా, పొడుగ్గా, ఒక పక్కకి ఒరిగి. నీడలో స్తంభాలు కనిపించాయి, తుపాకుల గొట్టాలు కనిపించాయి. అడ్డంగా రెండో లైను నడిపాను, మూడోది నడిపాను. అనుమానం లేదు. యుద్ధనౌక.

అది ఎక్కడిదో మాలో అందరికీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కిన రెండు వారాల్లోపే ఆ సముద్రంలో పెద్ద పోరు జరిగింది. డచ్చి, బ్రిటిష్, అమెరికా, ఆస్ట్రేలియా, నాలుగు దేశాల ఓడలు కలిసి జపాను నౌకాదళాన్ని ఆపాలని వెళ్ళాయి. కలిసి ఒక్కరోజైనా సాధన చేసినవాళ్ళు కారు. ఒకరి సంకేతాలు ఇంకొకరికి సరిగా అందేవి కావట. మధ్యాహ్నం మొదలైన పోరు రాత్రికి ముగిసింది. తప్పించుకున్న ఓడల్లో కొన్ని ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో దొరికిపోయి మునిగాయి. ఇక అడ్డేమీ లేకపోయింది. పది రోజులు తిరక్కుండానే జావా లొంగిపోయింది. పుస్తకాల్లో ఇది ఒక పేజీ. మాకు అది అరవై మీటర్ల లోతులో కళ్ళముందు ఉంది.

పేరు కూడా పోల్చుకున్నాం. ఆ పేరు ఇక్కడ రాయను. హరూన్ వంటగదిలోంచి వచ్చి తెర వైపు చూసి, రెండు చేతులూ పైకెత్తి దువా చేశాడు. నేను హెల్మెట్ తీశాను. సిగ్గుతో చెబుతున్నాను, నాకు కలిగిన భక్తి అయిదు నిమిషాలు. ఆ తర్వాత కలిగింది గర్వం. ఇంత శుభ్రమైన బొమ్మ ఎవరికి దొరుకుతుంది? దాన్ని ప్రింటు తీసి నా కేబిన్ గోడకి అంటించుకున్నాను.

రంబుటాన్లు తెచ్చినాయన

తిరుగు ప్రయాణంలో నీళ్ళు నింపుకోడానికి ఒక రేవు బయట రెండ్రోజులు ఆగాం. పక్కనే ఒక బార్జి, దాని మీద పెద్ద క్రేను. దాని కెప్టెన్ పొద్దున్నే చిన్న పడవలో బుట్టెడు రంబుటాన్లు, లిచీల్లాంటి పళ్ళు, పట్టుకుని మా ఓడకి వచ్చాడు. మంచి మాటకారి. టీ తాగుతూ, మేం కూడా ఆ సముద్రంలోనే తిరుగుతాం, లంగర్లు వేసుకోవాలి, కింద చిక్కులేమన్నా ఉన్నాయా అని అడిగాడు.

మర్యాద ప్రకారం నేను జాబితా ప్రింటు తీశాను. యుద్ధనౌక ఉన్న చోటుకి పెన్నుతో చుట్టూ గీశాను, ఇక్కడ మాత్రం జాగ్రత్త అని. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కళ్ళు నెత్తికెక్కి ఉన్నాను కదా, కేబిన్‌లోకి తీసుకెళ్ళి గోడ మీది బొమ్మ కూడా చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. ప్రొపెల్లర్లు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి, ఇదిగో ఇక్కడ, రెండు పైకి తేలి కనిపిస్తున్నాయి అని వేలు పెట్టి చూపించాను.

లంగరు వేసుకునేవాడికి ప్రొపెల్లర్లతో ఏం పని? ఈ ప్రశ్న నాకు ఆ రోజు తట్టలేదు. అవి మేలిమి కంచు అని, పాత లోహం కొనేవాళ్ళ దగ్గర మంచి ధర పలుకుతుందని నాకు తెలుసు. తెలిసీ తట్టలేదు. నీడని చూడమని మెల్విన్ నేర్పింది సముద్రానికే అనుకున్నాను, మనుషులకి కూడా అని తెలుసుకోలేకపోయాను. ఆయన రంబుటాన్లు బుట్టతో సహా వదిలేసి వెళ్ళాడు, మేం నాలుగు రోజులు తిన్నాం.

సింహాచలం ఆంటీ

మా ఎదురు బ్లాకులో సింహాచలం ఆంటీ ఉంటారు. మనలాగా ఉద్యోగాలకి వచ్చినవాళ్ళు కాదు, వాళ్ళమ్మా నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే వచ్చేశారు. నాన్న అప్పన్న సెంబవాంగ్ నేవల్ బేస్‌లో బట్టలు ఉతికేవాడు. ఆంటీ తెలుగులో సగం వాళ్ళమ్మ నేర్పిన ఊరి మాట, మిగతాది మలయ్, తమిళం. మా ఆవిడతో కలిసి ఆదివారాలు లిటిల్ ఇండియాకి కూరగాయలకి వెళ్ళేవారు. నేను సముద్రం మీద ఉన్నప్పుడు మా ఇంటికి ఆవిడే దిక్కు.

జావా పని ముగించుకుని వచ్చిన నెలకి, ఒక సాయంత్రం ఆంటీ మా ఇంటికొచ్చారు. కూర్చోలేదు. వాళ్ళమ్మ కడుపుతో ఉండగా అప్పన్న ఒక యుద్ధనౌకలో బట్టలుతికే పనికి ఎక్కాడట. ఆ ఓడల్లో ఆ పని ఎక్కువగా చైనావాళ్ళు చేసేవారు, వాళ్ళ మధ్య ఈయన ఎలా దూరాడో ఎవరికీ తెలీదు. ఓడ జావా దగ్గర మునిగిందని మాత్రం యుద్ధం అయ్యాక ఎవరో వచ్చి చెప్పారు. నేవీ మనిషి కాడు కాబట్టి ఆవిడ వెతికిన ఏ జాబితాలోనూ పేరు లేదు. ఫోటో లేదు, సమాధి లేదు. ఉన్నది ఓడ పేరొక్కటే. వాళ్ళమ్మ ఆ ఇంగ్లీషు పేరుని తెలుగు పేరులాగా తిప్పి కూతురికి నేర్పింది. ఆంటీ దాన్ని అలాగే పలికారు. అయినా నాకు తెలిసిపోయింది, అది మా తెర మీద కనిపించిన ఓడే.

"నువ్వు నీళ్ళల్లో ఓడలు ఎతుకుతావంట గదా బాబూ. అది కనిపించిందేటి?" అని అడిగారు.

 నేను అవునూ కాదూ అనలేదు. మేం చూసిన చోట్లు బయటివాళ్ళకి చెప్పకూడదండీ, కాంట్రాక్టులో రాసి ఉంటుంది, సంతకం చేశాను అన్నాను. ఆవిడ కాంట్రాక్టంటే ప్రభుత్వం మాట లాంటిదని అనుకున్నట్టున్నారు. "సుడా, సుడా," అన్నారు, అంటే మలయ్‌లో అయిపోయింది, ఇక చాలు అని. చెంబులో తెచ్చిన చారు మా ఆవిడకిచ్చి వెళ్ళిపోయారు.

అప్పుడు నాకు నా మీద నాకే మెప్పు కలిగింది. రహస్యం కాపాడిన మనిషిని కదా. రెండో విడత పని మా కంపెనీకే రావాలి, నా నోరు వల్ల చెడకూడదు అన్న లెక్క కూడా లోపల ఉంది. నెల కిందటే ఒక బుట్ట పళ్ళతో వచ్చిన మనిషికి అదే చోటు పెన్నుతో గీసిచ్చానన్న సంగతి ఆ సాయంత్రం నాకు గుర్తే రాలేదు. ప్రమాదం చెప్పడం మర్యాద, చావు చెప్పడం నియమభంగం అని ఎవరో నా బుర్రలో రెండు గదులు కట్టినట్టుంది. కట్టింది ఎవరో కాదు, నేనే.

గుంట

ఆరేళ్ళ తర్వాత ఇంకో కేబుల్ పని అదే దారిలో వచ్చింది. ఓడ ఉన్న చోటుకి చేరేముందు కుర్రాళ్ళందరినీ తెర దగ్గరికి పిలిచాను, మంచి బొమ్మ చూపిస్తానని.

ఏమీ రాలేదు. కొలతలో తప్పేమో అనుకున్నాను. అడ్డంగా లైను నడిపాను, మళ్ళీ నడిపాను, మళ్ళీ. నాలుగోసారికి అర్థమైంది. వస్తువు ఉంటే ముందు వెలుగు, వెనక నీడ. ఇక్కడ ముందు నీడ వచ్చింది, వెనక వెలుగు. అంటే అది వస్తువు కాదు, గుంట. ఓడంత పొడుగు, ఓడంత వెడల్పు, అదే వైపుకి ఒరిగిన గుంట. చుట్టూ బురదలో క్రేను కోరలు గీసిన గీతలు.

పేల్చి, ముక్కలు చేసి, ఎత్తుకుపోయారు. ఉక్కు, కంచు, వాటితో పాటు లోపలున్నవాళ్ళు. ఆ ముక్కలు ఏ కొలిమికి వెళ్ళాయో, మనుషుల ఎముకల్ని ఏం చేశారో నేను ఊహించదలచుకోలేదు, అయినా ఊహిస్తూనే ఉంటాను. ఆ రంబుటాన్ల మనిషే చేశాడని నా దగ్గర రుజువు లేదు. ఆ చోటు ఇంకెవరికైనా కూడా తెలిసి ఉండొచ్చు. ఇలా ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను, ఒక్కసారి కూడా నమ్మలేదు.

రిపోర్టులో ఒక వాక్యం రాశాను: గతంలో నమోదైన శిథిలం ప్రస్తుతం కనబడలేదు. కేబుల్ కంపెనీవాళ్ళు సంతోషించారు. అడ్డు తొలగిందని, దారి తిన్నగా వేసుకోవచ్చని నాకు థాంక్స్ చెబుతూ లెటరు రాశారు. నా ఉద్యోగంలో అందుకున్న మెచ్చుకోళ్ళలో అదొకటి.

చెప్పిన రోజు

చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆంటీ కనిపిస్తే ఎటో చూస్తూ వెళ్ళిపోయేవాణ్ణి. లిఫ్టులో కలిస్తే ఫోన్ తీసేవాణ్ణి. రిటైరయ్యాక రెండేళ్ళు అలాగే గడిపాను. పోయిన ఏడు మహాలయ అమావాస్య నాడు ఆవిడే ఫోన్ చేశారు. ఎనభై దాటాయి, మోకాళ్ళు లేవడం లేదు. ఏటా ఆ రోజు సెంబవాంగ్ పార్కు ఒడ్డుకి నడిచి వెళ్ళి వాళ్ళ నాన్నకి అన్నం పెడతారట. అన్నదమ్ములు లేరు, ఆడది పెట్టకూడదన్న బంధువులు ఎప్పుడో పోయారు. ఈసారి కారులో దింపమన్నారు.

పొద్దున ఎనిమిదింటికి వెళ్ళాం. అరిటాకు ముక్కలో అన్నం ముద్ద, నువ్వులు, పక్కన వేయించిన ఎండు నెత్తళ్ళు. వాళ్ళ నాన్నకి అవి ఇష్టమని అమ్మ చెప్పిందట. ఒడ్డున సిమెంటు గట్టు మీద ఆవిణ్ణి నిలబెట్టాను. ఆవిడ నీళ్ళ వైపు తిరిగి దండం పెట్టుకోబోతుంటే నాలో ఏదో తెగింది. అప్పుడే చెప్పేశాను. ఓడ నాకు దొరికిందని, ఆవిడ అడిగే నాటికే దొరికి ఉందని, అంతకు ముందే ఒక బార్జివాడికి చోటు గీసిచ్చానని, ఇప్పుడక్కడ గుంట తప్ప ఏమీ లేదని. గుక్క తిప్పుకోకుండా, రిపోర్టు చదివినట్టు చెప్పాను. ఏడవలేదు. ఏడిస్తే ఆవిడ నన్ను ఓదార్చాల్సి వస్తుందని భయం.

ఆంటీ నా వైపు తల తిప్పారు. ఆకు చేతిలోనే ఉంది. తర్వాత కోపం లేకుండా, నిజంగా తెలుసుకోవాలని అడిగారు.

"ఆడడిగితే ఇచ్చేసినావు. నానడిగితే సెప్పలేదు. ఆడు నీకేటవుతాడు బాబూ?"

మౌనికా, ఈ ముప్పై నాలుగేళ్ళలో నన్ను చాలామంది ప్రశ్నలు అడిగారు. క్లయింట్లు, లాయర్లు, నేవీ ఆఫీసర్లు. అన్నిటికీ జవాబులు చెప్పాను. దీనికి నా దగ్గరున్నది ఒక్క మాటే. ఏమీ అవడు ఆంటీ అన్నాను. ఆవిడ తలూపారు.

"పోనీ దిక్కేనా సెప్పు. దిక్కు సెప్పడానికి కూడా కాయితం కావాలేటి?"

అక్కర్లేదు. దిక్కు చెప్పడానికి ఏ కాంట్రాక్టూ అడ్డు కాదు. బడిపిల్లల అట్లాసులో ఉంటుంది. పద్నాలుగేళ్ళ కిందట, మా ఇంట్లో, ఆవిడ చారు చెంబుతో నిలబడి ఉండగా ఆ ఒక్క మాటన్నా చెప్పి ఉండొచ్చు. చోటు చెప్పకపోవడం నియమం అనుకుందాం. దిక్కు కూడా చెప్పకపోవడం నా కాపీనం.

ఫోన్ తీసి దిక్సూచి చూశాను, చూడక్కర్లేకపోయినా. సెంబవాంగ్ ఒడ్డుకి ఎదురుగా ఉన్నది జొహోర్. అది ఉత్తరం. జావా సముద్రం ఆగ్నేయాన ఉంది. ఆంటీ భుజాలు పట్టుకుని మెల్లగా తిప్పాను. నీళ్ళు వెనక్కి వెళ్ళాయి. ఎదురుగా కారు పార్కు, చెట్లు, వాటి పైన ఫ్లాట్ల బ్లాకులు, ఆరేసిన బట్టలు.

"ఇటేనేటి?"

"ఇటే ఆంటీ."

ఆవిడ తల వెనక్కి తిప్పి నీళ్ళ వైపు చూశారు. "అయితే ఇన్నేళ్ళూ మా అయ్యకి ఈపు సూపించి కూడెట్టినానన్నమాట," అన్నారు.

తర్వాత, ఎదురుగా ఆపి ఉన్న నా కారు వైపు చెయ్యి చూపించి, "అది అడ్డమొత్తంది, తియ్యి బాబూ," అన్నారు. నేను వెళ్ళి కారు పక్కకి తీశాను. ఆవిడ కష్టపడి వంగి ఆకు కింద పెట్టారు.